వుజూ నీరు, వృద్ధుల పాదాలు

మన హాలియా మస్జిదులకు వచ్చే వృద్ధులలో మధుమేహం, రక్తపోటు ఉన్నవారున్నారు. ఈ వ్యాధులు కళ్ళలో, మూత్రపిండాలలో, పాదాలలో వెంట్రుకకన్నా సన్నని రక్తనాళాలను నిశ్శబ్దంగా దెబ్బతీస్తాయి. స్పర్శ తగ్గిన పాదాలకు వేడినీటితో చర్మం కాలినా తెలియదు. కనుక చలికాలపు ఫజ్ర్ వేళ వారి వుజూ నీటిని ముందుగా మన మోచేతితో చూడాలి. కాలివేళ్ళ సందులు తుడిచేటప్పుడు పుండ్లున్నాయేమో పరిశీలించాలి. సజ్దా నుండి లేవగానే కళ్ళు తిరిగేవారు కూర్చుని నమాజు చేయవచ్చు. ఆ సంగతి వైద్యునికి చెప్పాలి, మాత్రలు మనంతట మనమే ఆపరాదు. అశక్తులైన వృద్ధులకు రమజాను ఉపవాసం నుండి మినహాయింపు ఉంది, బదులుగా ఫిద్యా ఉంది. అబ్బాకు ఈ మాట నచ్చజెప్పడం కష్టమే! ఏటేటా వారి కళ్ళకు, మూత్రానికి పరీక్ష చేయించడానికి మనలో ఎవరు వెంట వెళ్ళాలో నేడు జుమా తర్వాత ఇంట్లో నిర్ణయించుకుందాం.