బి.పి. బిళ్ళలకు డబ్బుల్లేవని మందు ఆపకండి
(రోగుల సహాయకుల కోసం చేసిన ప్రసంగం)



లోపల వార్డులో మీవారు మంచం మీద ఉన్నారు. మీరు వరండాలో రాత్రింబవళ్ళు కాచుకుని ఉన్నారు. ఈ కాసేపూ మీకోసమే మాట్లాడతాను.

పక్షవాతంతో ఎవరినైనా తీసుకొస్తే మేము ముందుగా అడిగేది, "బి.పి. ఉందా? బిళ్ళలు వాడుతున్నారా?" అని. "వాడేవాడండీ, డబ్బుల్లేక రెండు నెలల నుంచి ఆపేశాడు" అని ఇంటివాళ్ళు తలదించుకుని చెబుతారు. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. మన ప్రాంతంలో చేతికి డబ్బు నెలనెలా రాదు. పత్తి ఏరేటప్పుడు, మిరపకాయ కోతలప్పుడు, వేసవిలో తునికాకు సేకరించేటప్పుడు వస్తుంది. వానాకాలం వచ్చేసరికి చెయ్యి ఖాళీ. కాని బి.పి.కి కాలాలు లేవు. అది రోజూ ఉంటుంది కాబట్టి బిళ్ళ కూడా రోజూ పడాలి.

"మాకు ఆరోగ్యశ్రీ ఉంది కదా" అని కొందరు అడుగుతారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ముఖ్యంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే పెద్ద చికిత్సల కోసం. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. అయినా నెలనెలా మందుల షాపులో కొనే బి.పి. బిళ్ళల ఖర్చు అందులో రాదు. పెద్ద జబ్బు వచ్చాక ఆదుకునే కార్డు ఉంది గాని, అది రాకుండా కాపాడే బిళ్ళకు మనమే దారి చూసుకోవాలి. ఆ దారులు చెబుతాను, వినండి.

మొదటిది, మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. అక్కడ బి.పి. చూడటం, బిళ్ళలు ఇవ్వడం ఉచితం. దేశంలో బి.పి. అదుపు కోసం 2017లో ఒక ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టారు. ముందుగా ఎంచుకున్న అయిదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. మీ ఊరి ఆశా కార్యకర్తకు గాని, ఏ.ఎన్.ఎం.కు గాని చెప్పి రోగి పేరు రాయించండి. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, ఎటపాక మండలాల వారు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశారు. వైద్యానికి భద్రాచలం వచ్చినా, నెలనెలా బిళ్ళలు మీ మండలంలోని ఆరోగ్య కేంద్రంలోనే తీసుకోవచ్చు. మేము రాసిన చీటీ అక్కడ చూపించండి.

రెండవది, జనరిక్ మందులు. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ అన్నవి చాలాకాలంగా వాడుకలో ఉన్న మంచి మందులు. ఒకే మందును ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో అమ్ముతుంది, ధర కూడా వేరు. జన ఔషధి దుకాణాలు 2008లో మొదలయ్యాయి. అక్కడ ఇవే మందులు తక్కువ ధరకు దొరుకుతాయి, ఏ కార్డూ అడగరు. డాక్టరు గారిని "మందు అసలు పేరు రాయండి సార్" అని అడగండి. ఎవరూ తప్పు పట్టరు.

మూడవది, వృథా ఖర్చు మానండి. నీరసంగా ఉందని బలానికి సెలైన్ ఎక్కించుకుంటారు. అర లీటరు నార్మల్ సెలైన్ సీసాలో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. మనిషి రోజుకు తినవలసిన ఉప్పే 5 గ్రాముల లోపు. బి.పి. ఉన్నవారు డబ్బు పెట్టి ఉప్పు ఎక్కించుకోవడం ఎందుకు? అలాగే ఒళ్ళు నొప్పులకు మాటిమాటికీ వాడే కొన్ని నొప్పుల బిళ్ళలు బి.పి.ని పెంచుతాయి, కిడ్నీలను పాడుచేస్తాయి. ఆ డబ్బును బి.పి. బిళ్ళలకు దాచండి.

నాలుగవది, వరదలకు ముందే మందు సిద్ధం చేసుకోండి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. దారులు మునిగిపోతే బిళ్ళలు ఎక్కడ దొరుకుతాయి? జూన్ నెలలోనే ఒక నెల మందు అదనంగా అడిగి తెచ్చుకోండి. తడవకుండా మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

ఇక చేయకూడనివి. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు కాబట్టి బి.పి. తగ్గిపోయిందనుకుని ఆపవద్దు. చాలామందిలో బి.పి. ఏ బాధా చూపించదు. కొలిస్తేనే తెలుస్తుంది. ఎక్కువ రోజులు వస్తాయని బిళ్ళను సగం చేసి మింగవద్దు. అటెనోలాల్ లాంటి మందును ఒక్కసారిగా ఆపితే గుండెకే ప్రమాదం. పక్కింటివారి బిళ్ళలు వాడవద్దు. ముఖ్యంగా గర్భిణి టెల్మిసార్టాన్ మింగితే కడుపులో బిడ్డకు హాని జరుగుతుంది.

చివరిగా ఒక్క మాట. రాసిన మందు కొనే శక్తి లేకపోతే ఆ మాట డాక్టరు గారికి చెప్పండి. మీరు చెబితే తక్కువ ధరలో సరిపడే మందు రాయవచ్చు. చెప్పకుండా ఇంటికి వెళ్ళి ఆపేస్తే మాకు తెలియదు. తెలిసేసరికి మనిషి నోరు వంకరపోయి, కాలు చెయ్యి పడిపోయి వస్తాడు. అప్పుడు మంచం పట్టేది ఒక్కరే గాని, కూలి పోయేది ఇద్దరికి. రోగికి, దగ్గరుండి చూసేవారికి.

ఈ రోజు ఇంటికి వెళ్ళేముందు చీటీ తీసి, ఏ బిళ్ళ ఎప్పుడు వేయాలో నర్సమ్మను అడిగి తెలుసుకోండి. రోజూ గుర్తుచేసే బాధ్యత ఇంట్లో ఒకరు తీసుకోండి. కోడలైనా, బడికి వెళ్ళే మనవడైనా సరే.

 మీవారు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను.