సముద్రంపై రెక్కలు – తీరంలేని సీమల పాత్ర



సాలవనాల నడుమనున్న ఈ బస్తర్‌లో నౌకాదళ విమానాలను గురించి ప్రసంగించడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని బైలడిల్లా కొండల ఇనుప ఖనిజం కిరండూల్ నుండి అరకు మీదుగా రైలులో విశాఖపట్నం చేరుతుందన్న సంగతి మీకు తెలియనిది కాదు. ఆ విశాఖయే తూర్పు నౌకాదళానికి కేంద్రం. అక్కడి నౌకాదళ విమానస్థావరం పేరు ఐ.ఎన్.ఎస్. డేగ. 1953లో కొచ్చిలో నెలకొన్న తొలి స్థావరానికి సంస్కృతం 'గరుడ' అనే పేరునివ్వగా, విశాఖ స్థావరం పేరు మన తెలుగు పల్లెల ఆకాశంలో తిరిగే పక్షిది.

1957లో బ్రిటన్ నుండి కొన్న అసంపూర్ణ నౌక, నిర్మాణం పూర్తిచేసుకొని 1961 మార్చి 4న 'విక్రాంత్' పేరుతో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధకాలానికి దాని నాలుగు బాయిలర్లలో ఒకటి చెడిపోయి, వేగం తగ్గింది. అయినను దానిపైనుండి లేచిన సీహాక్, అలీజే విమానాలు చిట్టగాంగ్, కాక్స్ బజార్ రేవులపై దాడులు జరిపి, ప్రత్యర్థి సముద్రమార్గాన్ని మూసివేయడంలో ప్రధానపాత్ర వహించాయి. పైలట్ల సాహసాన్ని అందరూ కీర్తించారు. మిగిలిన బాయిలర్లతో ఓడను నడిపిన యంత్రకారులను తలచేవారు అరుదు.

ఈ విభాగపు సంస్కృతి అంతా ఇందులోనే ఉన్నది. కదిలే ఓడపై విమానం దిగునప్పుడు, దాని తోకకున్న కొక్కెం ఓడపై అడ్డంగా కట్టిన ఉక్కుతాళ్లలో ఒకదానిని పట్టుకోవాలి. చక్రాలు ఆనగానే పైలట్ ఇంజన్ వేగాన్ని తగ్గించక, పూర్తిగా పెంచుతాడు. కొక్కెం తప్పితే మరల ఎగరవలెను గదా! రంగురంగుల చొక్కాలు ధరించిన సిబ్బందిలో ఎవరి రంగును బట్టి వారి పని తెలుస్తుంది. ఒక్కరు ఏమరినా ప్రమాదమే. ఇక్కడ ధైర్యమంటే ఇతరుల శ్రమపై ఉంచిన నమ్మకం.

ఆ శ్రమ తీరప్రాంతాలకే పరిమితం కాదు. 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరిన నూతన విక్రాంత్ కొచ్చిలో నిర్మితమైనది. దానికి వాడిన ప్రత్యేకమైన ఉక్కు సుమారు 30,000 టన్నులు. ఆ ఉక్కు రూపకల్పనలో హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనాలయం పాలుపంచుకొన్నది. దానిని తయారుచేసినవి భిలాయి, బొకారో, రూర్కెలా కర్మాగారాలు. ఈ నాలుగు నగరాలలో ఒక్కదానికైనా సముద్రం లేదు. భిలాయి మీ రాష్ట్రంలోనిదే.

మనుషుల విషయమూ అంతే. 2019 డిసెంబరు 2న నౌకాదళపు తొలి మహిళా పైలట్‌గా రెక్కల చిహ్నం ధరించిన శివాంగి, తీరమే లేని బీహారులోని ముజఫర్‌పూర్‌కు చెందినవారు.

మన నేల నుండి ఖనిజం మాత్రమే సముద్రానికి పోవాలా? ఆ ఓడను నడిపే యంత్రకారిణి, ఆ విమానాన్ని సరిచూసే శిల్పి, ఆ పైలట్ ఈ అడవిసీమ నుండి కూడా రావాలి. తీరం దూరమన్నది భూగోళపాఠంలోని మాట. అవకాశం దూరమన్నది మనం అంగీకరించకూడని మాట. గణితమును, భౌతికశాస్త్రమును శ్రద్ధగా చదవండి. మిగిలిన దారి ఈ గ్రంథాలయం నుండే మొదలవుతుంది.