గ్రేఫ్రయర్స్ సమాధి శిలలు

స్కాట్లండు రాజధానియగు ఎడింబరోలో గ్రేఫ్రయర్స్ అను ప్రాచీనమైన చర్చి కలదు. దాని ఆవరణలోని శ్మశానవాటికయే నేటి మన ప్రస్తావన.

ఇచటి పదునేడవ శతాబ్దపు స్మారకశిలలను సమీపించి చూడుడు. కపాలము, అడ్డముగా రెండెముకలు, ఇసుక గడియారము. ఆయువు జారిపోవుచున్నదని అక్షరము రాని బాటసారికి సైతము బోధపడునట్లు శిల్పి చెక్కిన హెచ్చరిక ఇది.

కొన్ని సమాధులపై ఇనుప పంజరములు కలవు. ఏల? వైద్యవిద్యాలయములకు శవములు చాలక, రాత్రివేళ గోతులు త్రవ్వి వానిని దొంగిలించి విక్రయించువారు విజృంభించిన కాలమున, ఆప్తుల దేహములను కాపాడుకొనుటకై బంధువులు చేసికొన్న ఏర్పాటది. 1832 నాటి శాసనము శవములు న్యాయమార్గమున లభించునట్లు చేసిన పిదప ఆ చౌర్యమునకు గిరాకి పోయినది.

ఒకచో కావెనంటర్ల స్మారకము కలదు. చర్చి వ్యవహారములలో రాజు జోక్యమును నిరసించు ప్రతిజ్ఞాపత్రముపై 1638లో సంతకములు జరిగినది ఇచటనే; 1679లో ఆ ప్రతిజ్ఞకు కట్టుబడిన కావెనంటర్లు యుద్ధమున ఓడి, బందీలై, నెలల తరబడి ఆరుబయట మ్రగ్గినదియు దీని ప్రక్క మైదానముననే.

కపాలము భయమును, పంజరము మమకారమును, స్మారకము పట్టుదలను తెలుపును. కావున పాత సమాధి ఎచట కనబడినను పేరుతో ఆగక, చెక్కడమును కూడ చదువుడు.