ముట్టుకోనివ్వండి



పిల్లల్ని వెంటబెట్టుకుని మ్యూజియానికి వెళ్ళినప్పుడు మనం ఎక్కువసార్లు అనే మాట ఏమిటో ఎప్పుడైనా గమనించారా? "ముట్టుకోకు!" మావాడికి ఏడేళ్ళప్పుడు నేనూ అదే అన్నాను. అద్దంమీద చెయ్యి పెట్టాడని ఆ చేతిమీద ఒకటి వేశాను కూడా. ఇక ఆ పూటంతా వాడు నన్ను ఒక్క ప్రశ్న అడిగితే ఒట్టు. బుద్ధిమంతుడయ్యాడని మురిసిపోయాను. వాడి కుతూహలంమీద నీళ్ళు చల్లానని తెలియడానికి నాకు చాలా ఏళ్ళే పట్టింది.

ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి ప్రకృతి శాస్త్ర మ్యూజియం ఒకటి ఉంది. దాన్ని గురించి చదువుతుంటే ఈ సంగతి జ్ఞాపకం వచ్చింది. 1860లో తెరిచారు దాన్ని. ఇనప స్తంభాలమీద నిలిచిన గాజు పైకప్పు. చుట్టూ వసారాల్లో రాతి స్తంభాలు, ఒక్కొక్కటి ఒక్కో రకం రాయి. అంటే భవనమే ఒక పాఠమన్నమాట! లోపల జంతువుల అస్థిపంజరాలు, పురుగులు, ఖనిజాలు ఉన్నాయి. మారిషస్ దీవిలో మూడు వందల ఏళ్ళకు పూర్వమే అంతరించిపోయిన డోడో పక్షి తల, కాలు కూడా అక్కడ ఉన్నాయి. ప్రవేశానికి డబ్బు పుచ్చుకోరు.

అవన్నీ అద్దాల వెనకే కదా అంటారేమో. కొన్ని అలాగే ఉండాలి మరి. డోడో మళ్ళీ పుట్టదు గదా! కాని చేత్తో తాకి చూడడానికని విడిగా ఉంచిన వస్తువులూ అక్కడ ఉన్నాయి. కుటుంబాలకోసం, బడిపిల్లలకోసం ప్రత్యేకంగా కార్యక్రమాలు జరుపుతారు. పెద్దలకు ఉపన్యాసాలుంటాయి. పిల్లవాడు శిలాజాన్ని చేతిలోకి తీసుకుని ఎంత బరువో, ఎంత చల్లగా ఉందో చూసుకుంటే, ఆ జ్ఞాపకం పుస్తకంలో చదివినదానికన్నా గట్టిగా నిలుస్తుంది.

అక్కడ సభలు జరపడం కొత్తేమీ కాదు. మ్యూజియం తెరిచిన ఏడాదే, 1860 జూన్ 30న, డార్విన్ సిద్ధాంతంమీద విల్బర్‌ఫోర్స్ అనే బిషప్పుగారికీ, హక్స్‌లీ అనే శాస్త్రజ్ఞుడికీ అక్కడే పెద్ద వాదం జరిగింది. కిక్కిరిసిన ఆ సభలో స్త్రీలూ ఉన్నారు. వినడానికి అడ్డులేదు. కాని ఆ విశ్వవిద్యాలయం స్త్రీలకు పట్టాలివ్వడం 1920లోగాని మొదలుపెట్టలేదు. అరవై ఏళ్ళు! చూడవచ్చు, వినవచ్చు, ముట్టుకోకూడదు. ఈ మాట మనకు కొత్తా చెప్పండి?

అయినా ముట్టుకున్నవాళ్ళు లేకపోలేదు. 1824లో బక్‌లాండ్ అనే ఆచార్యుడు ఒక రాక్షసబల్లిని శాస్త్రీయంగా వర్ణించి, మెగలోసారస్ అని పేరు పెట్టాడు. రాక్షసబల్లుల్లో అలా పేరు పొందిన మొదటిది అదే. దాని ఎముకలు ఈ మ్యూజియంలోనే ఉన్నాయి. ఆ వ్యాసానికి బొమ్మలు వేసినది మేరీ మార్లాండ్. మరుసటి ఏడు ఆమె ఆయన్ని వివాహమాడింది.

ఈ దంపతుల గురించి ఒక కథ చెప్పుకుంటారు. రాతిమీద ముద్రపడిన పాతకాలపు అడుగుజాడలు ఏ జంతువువో ఆయనకు అంతుబట్టలేదట. ఒక అర్ధరాత్రి భార్యను లేపి, అవి తాబేలువే అయివుంటాయన్నాడట. ఆవిడ విసుక్కోకుండా వంటింట్లోకి వెళ్ళి, బల్లమీద పిండి తడిపి పరిచింది. ఆయన తోటలోంచి తాబేలును పట్టుకొచ్చి దానిమీద నడిపించాడు. జాడలు సరిపోయాయి! అవి తాబేలువి కావని తరువాతివారు తేల్చారనుకోండి. కాని చేసి చూడాలన్న పద్ధతి మాత్రం తప్పు కాదు.

ఆ వంటింటి బల్లే నా దృష్టిలో మంచి ప్రయోగశాల. అటువంటిది మనకూ ఉంది కదా! చపాతీల పిండి కలిపినప్పుడు నిమ్మకాయంత ముద్ద పిల్లలకివ్వండి. వేపాకు, గవ్వ, చింతగింజ, ఏది దొరికితే అది అద్దమనండి. ఒకరు అద్దితే ఇంకొకరు అదేమిటో చెప్పాలి. మెత్తటి బురదమీద పడిన అడుగు ఎండి, పైన ఇసుక పేరుకుని, లక్షల ఏళ్ళలో రాయిగా మారుతుందని అప్పుడు చెప్పి చూడండి, ఇట్టే పట్టుకుంటారు. పిండి దండగ అనుకోకండి. ఆడపిల్లకూ ఒక ముద్ద ఇవ్వడం మాత్రం మరిచిపోకండి.

ఇక సెలవుల్లో ఎక్కడికైనా తీసుకువెళ్ళాలంటే, రాక్షసబల్లిని చూడడానికి ఆక్స్‌ఫర్డ్ దాకా వెళ్ళనక్కరలేదు. మన గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలకు 1988లో కోటసారస్ అని పేరు పెట్టారు. కూర్చి నిలబెట్టిన దాని అస్థిపంజరం హైదరాబాదులో బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. ఆకులలములు తిని బతికిన జంతువది.

తాకవద్దని రాసి ఉన్నచోట తాకకూడదు, అది మర్యాద. కాని ఆ మాటతోపాటు "ఏం చూశావు? నీకేమనిపించింది?" అని కూడా అడగండి. చెయ్యి ఆపినా ఫరవాలేదు. ప్రశ్నను మాత్రం ఆపకండి. ఆనాడు నేను చేసిన పొరపాటు మీరు చెయ్యరాదనే ఇదంతా చెప్పాను.