గోడ మీద రాయని నిబంధనలు

అమెరికా నగరాల్లో డబ్బు కట్టి తుపాకీ కాల్చే ఇండోర్ షూటింగ్ రేంజ్‌లు చాలా ఉన్నాయి. తుపాకీ గురి ఎప్పుడూ లక్ష్యం వైపే ఉండాలి. కాల్చేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు. ఇలాంటి నిబంధనలు అక్కడి గోడల మీద పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి.

చిక్కంతా కనిపించని నిబంధనలతోనే.

కొన్నిచోట్ల వెంటవెంటనే కాల్చకూడదు. కొన్నిచోట్ల ఒంటరిగా వచ్చిన కొత్తవారికి తుపాకీ అద్దెకివ్వరు. చాలాచోట్ల ఉక్కు ఉన్న తూటాలు నిషిద్ధం. అందుకే అయస్కాంతం పెట్టి చూస్తారు. వీటికి కారణాలున్నాయి. ఉక్కు తూటా లక్ష్యం వెనుక ఉన్న గోడను దెబ్బతీస్తుంది, నిప్పురవ్వలు రేపుతుంది. ఒంటరివారికి ఇవ్వకపోవడం ఆత్మహత్యలను ఆపడానికి.

కారణం ముందే చెబితే ఎవరైనా ఒప్పుకుంటారు. చెప్పకుండా, నిబంధన తప్పారని అందరి ముందూ కసిరితే? కొత్తవారు బెదిరిపోతారు. చేతిలో తుపాకీ ఉన్న మనిషి బెదరడం ఎవరికీ క్షేమం కాదు. అయితే ప్రమాద సమయంలో భద్రతాధికారి ‘ఆపండి’ అని అరిస్తే, అది అవమానం కాదు. వెంటనే ఆపాలి.

అక్కడి తెలుగువారికి ఇంకో ముఖ్యమైన మాట. విద్యార్థి వీసా, హెచ్-1బి వీసా మీద ఉన్నవారు తుపాకీ పట్టడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. రేంజ్‌లో అద్దె తుపాకీకీ ఇదే వర్తిస్తుంది. కౌంటర్‌లో ఎవరూ అడగకపోయినా చట్టం చట్టమే.

కాబట్టి నిర్వాహకులు ప్రతి నిబంధననూ, దాని కారణాన్నీ రాసి పెట్టాలి. వెళ్లేవారు ముందే ఫోన్ చేసి నిబంధనలన్నీ అడగాలి. అడిగాకే తుపాకీ ముట్టుకోవాలి.