కొండలలో కూడు

ఆకలి యనగానే మనకు ఖాళీ కుండ కన్నుల ముందు మెదలును. కాని కుండ నిండుగా నున్నను, దాని చుట్టు కూర్చున్నవారు బలహీనులై యుండుట గలదు. ఈ రెండవ రకపు ఆకలి కేకలు వేయదు. బిడ్డ ఎత్తు ఎదుగకపోవుటయందు, బాలింత ముఖము పాలిపోవుటయందు, పొలమునుండి వచ్చిన యువకుడు కారణము తెలియక అలసి కూలబడుటయందు అది మెల్లగా బయటపడును. మన రెండు తెలుగు రాష్ట్రముల కొండలలో, అడవులలో నివసించు గిరిజనుల ఇండ్లలోని ఈ ఆకలిని గూర్చి నేడు కొంత ముచ్చటించుకొందము.

మొదట రెండు మూడు అంకెలు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము మన దేశమున షెడ్యూల్డు తెగలవారు పది కోట్లకు పైబడి యున్నారు. 2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, అయిదేండ్లలోపు పిల్లలయందు వయసుకు తగినంత ఎత్తు ఎదుగనివారు దేశమంతట నూటికి సుమారు 36 మంది; గిరిజనుల పిల్లలలో 41 మంది. పదునైదు మొదలు నలువదితొమ్మిది ఏండ్లలోపు స్త్రీలలో రక్తహీనత గలవారు దేశమంతట నూటికి 57 మంది కాగా, గిరిజన స్త్రీలలో సుమారు 65 మంది. దేశము మొత్తమున స్థితియే బాగుగా లేదు. కొండమీద అది మరింత క్షీణించి యున్నది. పచ్చని అడవి నడుమ, పారు వాగు ప్రక్కన నివసించువారికి ఈ గతి యేల పట్టినది?

పూర్వము వారు తినుచుండిన తిండిని గమనింపుడు. విశాఖ కొండలలోని పోడులో ఒక్క పంటనే నమ్ముకొనెడివారు కారు. సామలు, చోళ్ళు, కొర్రలు, జొన్నలు, కందులు, అలసందలు కలిపి వేసెడివారు. వాన వెనుకబడి ఒకటి పోయినను మరొకటి చేతికి వచ్చెడిది. వానకాలమున అడవి ఆకుకూరలు, పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు. ఎండకాలమున ఇప్పపువ్వు, తేనె, పండ్లు. వాగులో చేపలు, పీతలు. నల్లమల చెంచులకు సాగుకంటె అడవి దుంపలు, తేనెయే పెద్ద ఆధారము. ఆదిలాబాదు గోండుల ఇంట జొన్న గటక పొయ్యిమీద ఉడికెడిది. నూరు గ్రాముల చోళ్ళలో, అనగా రాగులలో, ఎముకలకు బలమిచ్చు కాల్షియము మూడువందల మిల్లీగ్రాములకు మించి యుండును. అంతే తూకముగల తెల్లబియ్యమున అది సుమారు పది మిల్లీగ్రాములు మాత్రమే.

అంతమాత్రమున పూర్వకాలము స్వర్గమని మేము చెప్పబోము. కొత్త పంట చేతికి రాకముందు, పాత గింజ అడుగంటిన నెలలలో, మామిడి టెంకలలోని జీడిని నానవేసి, దంచి, అంబలి కాచుకొని కడుపు నింపుకొన్న కుటుంబములు కొండలలో అనేకము. సంతలో షావుకారు వేసిన తూకమే తూకము, చెప్పిన ధరయే ధర. చింతపండు బుట్టతో దిగివచ్చినవాడు కొంచెము ఉప్పు మూటతో తిరిగి పోయెడివాడు. ఈ బాధను తగ్గించుటకే 1956లో విశాఖపట్టణము కేంద్రముగా గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. అడవి ఫలసాయమును న్యాయమైన ధరకు కొనుట, నిత్యావసర వస్తువులను కొండమీదికి చేర్చుట దాని పనులు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యపు పథకము వచ్చినది. 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టము వచ్చినది; మిక్కిలి బీద కుటుంబములకు నెలకు 35 కిలోల ధాన్యము హక్కయినది. 2023 జనవరి మొదలు ఆ ధాన్యము ఉచితముగా లభించుచున్నది.

ఈ బియ్యము ఎందరినో మామిడి టెంకల అంబలినుండి తప్పించినది. దానిని చిన్నచూపు చూచుట, మూడు పూటలు తినువారికే చెల్లును. కాని బియ్యము వచ్చిన త్రోవనే పప్పు రాలేదు, నూనె చాలినంత రాలేదు, కూరగాయలు రాలేదు. అదే కాలమున ఇంటి చేను కూడ మారిపోయినది. పోడు తరిగినది. మైదానమునుండి వచ్చినవారి చేతిలోనికి గిరిజనుల భూములు జారిపోవుటను ఆపుటకు 1959లో చట్టము చేసి, 1970లో దానిని మరింత గట్టిపరచవలసి వచ్చినదనగా, ఎంత భూమి చేయి జారినదో ఊహింపవచ్చును. ఆదిలాబాదున జొన్న చేలు చాలవరకు ప్రత్తి చేలైనవి. ప్రత్తి అమ్మిన డబ్బు విత్తనములకు, ఎరువులకు, అప్పులకు పోగా మిగిలినదే వంటయింటికి వచ్చును. అరకు లోయలో వలిసెపూలను చూచి మనము మురియుదుము; ఆ నూనెగింజలలో అధికభాగము సంతలో అమ్మకమునకే పోవును.

ఇంకొక కారణము గలదు. దానిని సాధారణముగా పురుషులు గమనింపరు. సామలు, కొర్రలు చేనునుండి తిన్నగా కుండలోనికి రావు. పొట్టు పోవునట్లు దంచవలెను, చెరగవలెను, మరల దంచవలెను. ఒక పూట గింజకొరకు ఆడది ఎంతసేపు రోకలి పట్టవలెనో ఆమె భుజములకే తెలియును. నీళ్ళు మోసి, కట్టెలు తెచ్చి, కూలికి పోయి వచ్చిన తల్లి, డిపోలో తెచ్చిన బియ్యము కడిగి ఎసటిలో పోసినచో ఆమెను తప్పుపట్టువారెవ్వరు? మా ప్రసంగములలోను, ఇతరుల ఉపన్యాసములలోను చిరుధాన్యముల గుణములను వర్ణించుట వినుచుందుము. ఆ వర్ణనలో రోకలి పోటు వినబడుట అరుదు.

ఈ విషయమున రెండు వాదములు గలవు. కొందరు, ‘కడుపు నిండుచున్నది గదా, ఇక నేమి కావలెను?’ అందురు. మరికొందరు, ‘బియ్యము మానిపించి పూర్వపు తిండికే మరలింపవలెను’ అందురు. మొదటివారు అన్నమొక్కటే ఆహారమనుకొనుచున్నారు. రెండవవారు పాత తిండిని పొగడుచు, దానిని పండించు భూమిని, దంచు చేతులను మరచుచున్నారు. బియ్యమును తీసివేయక, దాని ప్రక్కన పప్పును, నూనెను, గ్రుడ్డును, స్థానికపు చిరుధాన్యమును చేర్చుటయే మేలని మాకు తోచుచున్నది.

ఇది కాని పని గాదు. ఆహార భద్రతా చట్టములోనే బియ్యము, గోధుమలతోపాటు ముతక ధాన్యములకు కూడ చోటు గలదు. కొండమీద పండిన చోళ్ళను, సామలను ఆ కొండమీది డిపోయే మంచి ధరకు కొని, అక్కడి అంగన్‌వాడీకి, ఆశ్రమ పాఠశాలకు ఇచ్చినచో, రైతునకు డబ్బు, బిడ్డకు బలము ఒకేసారి లభించును. జహీరాబాదు ప్రాంతమున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత స్త్రీల సంఘములు 1990 దశకముననే ఇట్టి మార్గము చూపినవి. బీడు భూములను సాగులోనికి తెచ్చి, జొన్నలు పండించి, ఊరిలోనే నిలువచేసి, ఊరి బీదలకే తక్కువ ధరకు పంచుకొన్నారు. వారు గిరిజనులు కారు. కాని వారి పద్ధతి కొండలకు కూడ పనికివచ్చును. తెలంగాణ గిరిజన ప్రాంతములలో పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ ప్రభుత్వముతో గూడి నడిపిన ‘గిరి పోషణ’ కార్యక్రమమున జొన్నలు, పప్పులు, వేరుసెనగలతో చేసిన ఆహారమును అంగన్‌వాడీ పిల్లలకు అందించిరి.

వీటికి తోడు, పొట్టు తీయు చిన్న మర ఒకటి నాలుగు గూడెములకు నడుమ నుండవలెను. అది వచ్చిననాడు రోకలి భారము తగ్గి, సామలు మరల పొయ్యిమీదికి ఎక్కును. 2006 నాటి అటవీ హక్కుల చట్టము ప్రకారము రావలసిన పట్టా ప్రతి అర్హునకు రావలెను. అడవికి పోయి దుంప, ఆకు, తేనె తెచ్చుకొను హక్కు కాగితముమీదనే ఆగిపోరాదు. అట్లే త్రోవ కావలెను. గర్భిణులకు, పిల్లలకు అంగన్‌వాడీలలో గ్రుడ్డు, పాలు ఇచ్చు ఏర్పాటు రెండు రాష్ట్రములందును గలదు. కాని వాగు పొంగిననాడు గ్రుడ్ల అట్ట ఆవలి గట్టుననే నిలిచిపోవును. రోగిని డోలీలో మోయవలసిన ఊరికి పోషకాహారము కూడ డోలీమీదనే రావలెను.

పట్టణములలో రేడియో వినుచున్న కుటుంబములకు ఇందు సంబంధమేమి అని అడుగవచ్చును. సంబంధము గలదు. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన పిమ్మట, కొర్రలు, సామలు మన అంగళ్ళలో సన్నబియ్యముకంటె ఎక్కువ ధరకు అమ్ముడుపోవుచున్నవి. మనము ఆరోగ్యమునకై వాటిని కొనుచున్నాము. పండించినవాడు డబ్బుకై వాటిని అమ్ముకొని, తాను తెల్లబియ్యము తినుచున్నాడు. మనము కొనుట మానవలెనని కాదు. కొనునప్పుడు గిరిజన సహకార సంస్థ అంగడినో, రైతుల సంఘమునో వెదకి కొన్నచో, ఆ ధరలో ఎక్కువ భాగము పండించిన చేతికి చేరును.

మరియొక్క మాట. వసతి గృహములలో చదువుకొను కొండ పిల్లలు, తమ ఇంటి అంబలి పేరు చెప్పుటకే సిగ్గుపడుట గలదు. ఆ సిగ్గు వారికి పుట్టుకతో వచ్చినది కాదు. తోటి పిల్లల నవ్వునుండి వచ్చినది. మన బిడ్డల ముందు ఆ తిండిని గౌరవముగా పలుకుట మన ఇంటనే చేయదగిన పని. మిగిలిన పనులకు ప్రభుత్వము, సంఘములు, నిధులు కావలెను. ఆ గూడెమునకు పప్పు, నూనె, మర ఎప్పుడు వచ్చునని అడుగుచుండుట మాత్రము మనలో ప్రతివారికిని తగును.