ఖాలిద్ అనే పేరు





బిడ్డ పుట్టిన ఏడవ రోజున మనం అఖీఖా చేసి పేరు పెడతాము. మగబిడ్డ అయితే పెద్దలు సూచించే పేర్లలో ఖాలిద్ తరచుగా వినిపిస్తుంది. ఆ పేరుకు అర్థమేమిటని అడిగితే చాలామంది వీరుడని చెబుతారు. హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) పరాక్రమం ఆ పేరును అంతగా అంటిపెట్టుకుని ఉంది. నిజానికి అరబీ భాషలో ఖాలిద్ అంటే శాశ్వతంగా ఉండేవాడు అని అర్థం. మరణం తప్పని మానవునికి ఈ పేరు ఎలా తగుతుంది?

దైవప్రవక్త (సఅసం) పేర్ల అర్థాలను పట్టించుకునేవారు. పుణ్యవతి అనే అర్థమిచ్చే బర్రా అన్న పేరులో ఆత్మస్తుతి ధ్వనిస్తుందని దానిని జైనబ్‌గా మార్చారు. అయితే ఖాలిద్ అనే పేరును మార్చలేదు. మదీనాలో తమకు ఇంటిలో ఆతిథ్యమిచ్చిన అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) అసలు పేరు కూడా ఖాలిద్ బిన్ జైదే. కాబట్టి పేరులో దోషం లేదు. ఆ పేరు మోసినవారికి ఈ లోకంలో ఏపాటి శాశ్వతత్వం దక్కిందో మాత్రం చూడవలసి ఉంది. దూరకాలానికి పోనక్కరలేదు, మన కాలపు అరబ్బు ప్రముఖులనే చూద్దాము.

1975లో ఫైసల్ రాజు హత్యకు గురైన తరువాత ఆయన సోదరుడు ఖాలిద్ సౌదీ సింహాసనమెక్కారు. 1979లో సాయుధులు మక్కాలోని మస్జిదుల్ హరామ్‌ను ఆక్రమించిన విషాదం ఆయన పాలనలోనే జరిగింది. పట్టుమని ఎనిమిదేళ్లు కూడా నిండకముందే, 1982 జూన్‌లో ఆయన మరణించారు. బ్రతుకుతెరువు కోసం రియాద్‌కు వెళ్లే మన తెలుగు సోదరులు దిగేది ఆయన పేరిట వెలసిన విమానాశ్రయంలోనే. అంత పెద్ద విమానాశ్రయంపై పేరున్న ఆ రాజు సమాధి అదే నగరంలోని అల్ ఊద్ శ్మశానవాటికలో ఉంది. దానిపై పేరు లేదు. అక్కడి ఆచారం ప్రకారం సామాన్యుల సమాధుల నడుమ ఆయననూ ఖననం చేశారు.

ఈజిప్టులో ఖాలిద్ ముహియుద్దీన్ అనే సైనికాధికారి 1952 విప్లవాన్ని నడిపినవారిలో ఒకరు. రెండేళ్లకే, పార్లమెంటరీ పాలన తిరిగి రావాలని పట్టుబట్టి నాసిర్‌తో విభేదించినందుకు స్విట్జర్లాండ్‌కు ప్రవాసం పోవలసివచ్చింది. అధికార పీఠం దగ్గర ఆయనకు నిలిచిన చోటు అంతే.

ఇక క్రీడారంగానికి వద్దాము. మొరాకోకు చెందిన ఖాలిద్ స్కాహ్ 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో పదివేల మీటర్ల పరుగులో పాల్గొన్నాడు. చివరి చుట్లలో ఆయనకు, కెన్యాకు చెందిన రిచర్డ్ చెలిమోకు మధ్యనే పోటీ నడిచింది. ఒక చుట్టు పూర్తిగా వెనుకబడిపోయిన మరొక మొరాకో పరుగువీరుడు వారి దగ్గరే పరుగెత్తుతూ చెలిమోకు అడ్డు తగులుతున్నాడని జనం కేకలు వేశారు. ఒక అధికారి అతనిని పట్టి ఆపబోయాడు కూడా. సుమారు ఒక్క క్షణం తేడాతో స్కాహ్ గెలిచాడు. వెంటనే అనర్హుడని ప్రకటించారు. అప్పీలు మీద ఆ నిర్ణయాన్ని రద్దు చేసి మరునాడు స్వర్ణపతకం ఇచ్చారు. పతకం మెడలో పడుతున్నప్పుడు మైదానమంతా ఆయనను ఎగతాళి చేసింది, రెండవ స్థానంలో నిలిచిన చెలిమోకు జేజేలు పలికింది. ఆ ఇద్దరి మధ్య ముందస్తు ఒప్పందం ఉన్నదో లేదో అల్లాహ్‌కే తెలుసు. అనుమానం మీద తీర్పులు చెప్పడం మన ధర్మం కాదు. అయితే గమనించండి, జీవితమంతా శ్రమించి సాధించిన విజయం ఒక్క రోజులోనే పోయింది, వచ్చింది, వచ్చినా జనం దృష్టిలో మచ్చపడింది.

ఖాలిద్ ఖన్నూషీ కథ వేరు. ఆయనదీ మొరాకోయే, మెక్నెస్ నగరం. అమెరికా చేరిన కొత్తలో న్యూయార్క్‌లో అంట్లు కడిగి పొట్టపోసుకున్నాడు. గల్ఫ్ దేశాలలో మన పిల్లలు పడే పాట్లు ఎరిగినవారికి ఆ కష్టం వివరించనక్కరలేదు. 1999లో షికాగోలో మారథాన్‌ను 2 గంటల 5 నిమిషాల 42 సెకన్లలో పూర్తిచేసి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. 2002లో లండన్‌లో దానిని తానే నాలుగు సెకన్లు తగ్గించాడు. మరుసటి ఏడాది సెప్టెంబరులో బెర్లిన్‌లో పాల్ తెర్గత్ ఆ రికార్డును చెరిపివేశాడు. ఆ తరువాత తెర్గత్ రికార్డూ నిలువలేదు.

సోదరులారా! షైతాన్ ఆదం (అలైహి)ను మోసగించినది ఈ శాశ్వతత్వపు ఆశతోనే. తా హా సూరాలో ఆ చెట్టును అతడు ఖుల్ద్ వృక్షమని, అంటే అమరత్వపు చెట్టని పిలిచాడు. ఖాలిద్ అనే మాటకూ మూలం అదే. హుమజా సూరాలో ధనం తనను శాశ్వతం చేస్తుందని భ్రమించేవాని ప్రస్తావన వస్తుంది, అక్కడా అదే ధాతువు. మరొక విషయం మన గుండెలను కదిలించాలి. దివ్య ఖుర్ఆన్ స్వర్గవాసులను ఖాలిదూన్ అంటుంది, నరకవాసులనూ ఖాలిదూన్ అనే అంటుంది. పేరు ఒక్కటే, నివాసాలు రెండు. మన బిడ్డ ఏ వాకిలి వైపు ఖాలిద్ అవుతాడో అఖీఖా నాడు ఎవరికీ తెలియదు. వానికి నమాజు నేర్పే చేయి, హరామ్ సంపాదన నుండి వానిని దూరంగా ఉంచే సంపాదన మనవే.

హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) ఉహుద్‌లో ముస్లిములకు వ్యతిరేకంగా కత్తి పట్టారు. తరువాత ఇస్లాం స్వీకరించి, మూతా యుద్ధంలో తమ చేతిలో తొమ్మిది ఖడ్గాలు విరిగేదాకా పోరాడారు. అల్లాహ్ ఖడ్గమనే బిరుదు పొందారు. అంతటివారిని హజ్రత్ ఉమర్ (రజి) సేనాపతి పదవి నుండి తొలగించారు. ఆయన తిరుగుబాటు చేయలేదు, అబూ ఉబైదా (రజి) ఆధ్వర్యంలో పోరాడారు. చివరకు మంచం మీదనే కన్నుమూశారు. తమ కవచాలను, యుద్ధసామగ్రిని అల్లాహ్ మార్గానికి అంకితం చేసి ఉంచారని ఆయన గురించి దైవప్రవక్త (సఅసం) స్వయంగా చెప్పారు.

ఓ అల్లాహ్! ఈ పేరు పెట్టుకున్న మా బిడ్డలను నీ స్వర్గంలో కలకాలం నివసించేవారిలో చేర్చు. ఆమీన్.